తాడు కట్టిన అలమర

టీచరమ్మగారికి,

నమస్కారాలు. సముద్రం దగ్గర మీ ఇల్లు సెలవులకి అద్దెకిస్తారని విని రాస్తున్నాను. నేను వడ్రంగి మేస్త్రిని. ముప్పై ఏళ్ల పనిలో ఇదే నా మొదటి సెలవు. పది రోజులకి హోటల్లో గది తీసుకుందామంటే మా ఆవిడ ససేమిరా అంది. వంటిల్లున్న ఇల్లే కావాలట. సెలవుల్లో కూడా వంటిల్లేమిటో నాకు అంతుపట్టలేదు. ఇల్లు ఖాళీగా ఉంటే తెలియజేయగలరు.

ఇట్లు,
వడ్రంగి మేస్త్రి

తా.క. ఇది రాస్తున్నది ఆయన భార్యని. మీ వంటింటి అలమర తలుపు సరిగ్గా మూసుకుంటుందా? మాది ఊడి పద్దెనిమిదేళ్లయింది. తాడుతో కట్టి ఉంచాను. అడిగినప్పుడల్లా ఆదివారం చూస్తానంటారు. పది రోజులైనా మంచి తలుపులున్న వంటింట్లో మసలాలని నా కోరిక. హోటల్లో అది కుదరదు కదా.

* * *

మేస్త్రిగారికి,

ఇల్లు ఖాళీయే. మీరున్నన్నాళ్లూ నేను మా అక్క దగ్గర ఉంటాను. తాళంచెవి పక్కింటి దర్జీగారిస్తారు. వీధి తలుపు కాస్త బిగుసుకుంటుంది, భుజంతో ఒక్క తోపు తోయాలి. మొహమాటపడకండి. మీ ఇల్లే అనుకోండి.

ఇట్లు,
రిటైరైన లెక్కల టీచరు

తా.క. మేస్త్రిగారి భార్యకి: మా అలమర తలుపు భేషుగ్గా మూసుకుంటుందమ్మా. తెరుచుకోవడమే కష్టం. చెంచా పెట్టి తెరవాలి. ఆ చెంచా మాత్రం అలమరలో పెట్టి మూయకండి.

* * *

మేస్త్రిగారికి,

దర్జీగారు కబురు పంపారు. మీరు దిగిన మూడో రోజుకే మా తలుపులన్నీ ఊడదీసి ప్రహరీగోడకి వరసగా ఆనించారట. వంటింటి అలమర వాకిట్లో వెల్లకిలా పడుకుని ఉందట. ఇల్లు ఖాళీ చేస్తూ బల్బులు పట్టుకుపోయేవాళ్లని ఎరుగుదును కానీ, తలుపులు పట్టుకుపోయేవాళ్లని చూడలేదు. నేను ఇచ్చింది ఇల్లు. నాకు తిరిగి ఇల్లే కావాలి.

ఇట్లు,
ఇంటి యజమానురాలు

తా.క. మీ ఇల్లే అనుకోమన్నది మర్యాదకి. అందరూ అంటారు, ఎవరూ అనుకోరు.

* * *

టీచరమ్మగారికి,

మీ ఉత్తరం చూసి మనసు కష్టపెట్టుకున్నాను. తలుపులు విప్పింది పట్టుకుపోవడానికి కాదు, చిత్రిక పట్టడానికి. ఈ వయసులో మీరు రోజూ భుజంతో తలుపు తోస్తారని తెలిసి వడ్రంగినై ఉండి ఎలా ఊరుకోను? రేపటికి అన్నీ బిగించేస్తాను. మా ఇల్లే అనుకోమన్నారు, నిజంగానే అనుకున్నాను. అదే నా తప్పు.

ఇట్లు,
వడ్రంగి మేస్త్రి

తా.క. ఆయన రాసింది అబద్ధం. మా ఇల్లే అనుకుని ఉంటే ఒక్క మేకు ముట్టుకునేవారు కాదు. మీ అలమర ఈపాటికే లోపల బిగించేశారు. తలుపు వేలితో తోస్తే చాలు, మూసుకుంటోంది. పొద్దున్నుంచి నలభైసార్లు తెరిచి మూశాను. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఇంకో మూడు రోజులు పోతే మళ్లీ నా తాడు దగ్గరికే కదా.

* * *

అన్నయ్యగారికి,

ఇంటికి చేరాను. అలవాటుకొద్దీ వీధి తలుపుని భుజంతో ఒక్క తోపు తోశాను. అది చప్పుడు చేయకుండా తెరుచుకుంది, నేను వెళ్లి హాల్లో బోర్లా పడ్డాను. ఎవరూ చూడలేదనుకున్నాను. దర్జీగారు చూశారు. దెబ్బేమీ తగల్లేదు, నా కోపం మాత్రం అక్కడే పోయింది. అనరాని మాటలన్నాను, క్షమించండి.

వచ్చే నెల మీ ఊళ్లో నాకు పది రోజులు పనుంది. నాకూ హోటళ్లు పడవు. మీ ఇంట్లో ఓ భాగం అద్దెకిస్తారా? వంట నేనే చేసుకుంటాను, కాబట్టి వంటింటి అలమర సరిగ్గా ఉండాలి. పరీక్ష పేపర్లు దిద్దిన చెయ్యి, ప్రతి తలుపూ తెరిచి చూస్తాను.

ఇట్లు,
మీ చెల్లెలు

తా.క. మీ ఇల్లే అనుకోమని నాతో అనకండి. ఇవాళ్టినుంచి మీరే అది నా ఇల్లనుకోండి.

* * *

వదినగారికి,

ఆయన చేతిలో రంపం ఉంది, అందుకని నేను రాస్తున్నాను. మీ ఉత్తరం చదివి వంటింట్లోకి వెళ్లి అలమర ముందు నిలబడ్డారు. ‘ఈ తాడు చూస్తే చెల్లెమ్మ ఏమనుకుంటుంది?’ అన్నారు. ‘పద్దెనిమిదేళ్లుగా నేనూ చూస్తున్నాను, నేనేమనుకున్నానో ఒక్కసారీ అడగలేదే’ అన్నాను. వెళ్లి పనిముట్ల సంచీ తెచ్చుకున్నారు.

సాయంత్రానికి తలుపు బిగిసింది. తాడు నా చేతిలో పెట్టి, ‘నీకోసం చేయాల్సిన పని, ఇన్నాళ్లూ చేయలేదు’ అన్నారు. ఆ మాటతో నా మనసు నిండిపోయింది. ఇప్పుడు ఇల్లంతా చిత్రిక పొట్టే. నడుస్తుంటే కాళ్లకి మెత్తగా తగులుతోంది. మీ గది సిద్ధంగా ఉంది. తప్పకుండా రండి.

ఇట్లు,
మీ వదిన

తా.క. తొందరపడి మాత్రం రాకండి. స్నానాలగది గడియ, మేడమెట్లు ఇంకా మిగిలాయి. ప్రయాణం రెండు నెలలు వాయిదా పడిందని ఆయనకో ఉత్తరం రాయండి.