పిడుగుతో పది నిమిషాలు

3, సోమవారం

ఇవాళ్టి నుంచి నేను ఆదర్శ తండ్రిని! మా నాలుగేళ్ళ పిడుగు ప్లేస్కూల్లో ముగ్గుర్ని కొరికాడు. ఇంకొకర్ని కొరికితే పేరు కొట్టేస్తామన్నారు. అందుకే ఈ తల్లిదండ్రుల శిక్షణ తరగతి. గుండ్రంగా కుర్చీలు, కొన్ని జంటలు, అందరి మొహాల్లోనూ ఒకటే మాట: మావాడు మీవాడంత కాదులెండి.

హోంవర్కు: రోజూ పది నిమిషాలు వాడితో ఆట. ఆజ్ఞలు వద్దు, ప్రశ్నలు వద్దు. వాడేం చేస్తే అది పైకి చెప్పాలి. ఓస్, ఇంతేనా!

4, మంగళవారం

"ఎర్ర బ్లాకు పెట్టావు. దానిమీద నీలం పెట్టావు." కాసేపటికే "అలా కాదు, ఇలా పెట్టు" అన్నాను. ఆజ్ఞ. "ఎందుకు పడేశావ్?" ప్రశ్న. ఆ రెండూ తీసేస్తే నా దగ్గర మాటలే మిగల్లేదు.

వంటింట్లోంచి మా ఆవిడ: "పెళ్ళయినప్పట్నుంచీ నేను వింటున్నవీ ఆ రెండేగా!"

6, గురువారం

ఆఫీసులో ఆడిట్. నిన్న ఆట లేదు. ఇవాళ ఐదు నిమిషాలు. రేపు ఎక్కువ ఆడితే సరి.

8, శనివారం

నిన్నా లేదు, ఇవాళా లేదు. తప్పు నాది కాదు, వాడే నిద్రపోయాడు. నేను ఫోన్ చూసుకుంటుంటే, ఎదురుచూసి చూసి.

9, ఆదివారం

కూర్చున్నాం. ఫోన్ మోగింది, తీశాను. పిడుగు నా ముంజేయి పట్టుకుని కొరికాడు.

"నువ్వు నాన్న చెయ్యి కొరుకుతున్నావు" అన్నాను, శాంతంగా, పాఠం ప్రకారం. వదల్లేదు. నేనూ వాడి చెయ్యి కొరికాను.

గట్టిగా కాదు. పంటిగాటు పడింది, అంతే. 'అంతే' అని రాసినందుకు సిగ్గుగా ఉంది.

10, సోమవారం

క్లాసులో చెప్పేశాను, మా ఆవిడ మోచేత్తో పొడిచాక. చివరి కుర్చీలోంచి ఒక లాయరుగారు మెల్లిగా, "మా ఇంట్లోనూ అదే కేసండీ" అన్నారు.

"బాబు స్కూల్లో పోయిన వారం ఎవర్నీ కొరకలేదటగా?" అంది ట్రైనర్ మేడం.

లేదు. స్కూల్లో వాడి పేరు పదిలం. కొట్టేయాల్సింది ఇంట్లో నాదే.

11, మంగళవారం

మళ్ళీ మొదటి రోజు. ఫోన్ పక్కగదిలో.

పిడుగు వచ్చాడు. కూర్చునేముందు చొక్కా చేతులు రెండూ వేళ్ళదాకా లాక్కున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆజ్ఞా నోట రాలేదు, ప్రశ్నా రాలేదు.

"చేతులు దాచుకుంటున్నావు" అన్నాను.

"ఊఁ" అని, దాచుకునే, నా పక్కన కూర్చున్నాడు.