నా రక్తాన్ని నమ్మొద్దంది

శుక్రవారం, తిరువూరు

సరదాకి బావమరిదిని జడిపించి గోడ దూకినందుకు నా మోకాల్లో లిగమెంటు తెగింది. ఇవాళ బెజవాడ డాక్టరు, దాని చోట కొత్తది వేసే ఆపరేషన్ గురించి చెప్పాడు. నా రక్తమే తీసి, మిషన్లో గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని కొత్త లిగమెంటుకు పట్టిస్తాడట.

"దాంతో తొందరగా మానుతుందా సార్?"

"కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు. గ్యారంటీ ఇవ్వలేనండి."

ఈ ముక్క చెప్పడానికి గోడ నిండా సర్టిఫికెట్లు. మా వీధికొచ్చే సోదమ్మ ఇంతకంటే ధైర్యంగా చెబుతుంది.

పక్కనుంచి మా ఆవిడ అందుకుంది. "ఈయన రక్తాన్ని నమ్మకండి సార్. అది మోకాలిని కూడా ఆటపట్టిస్తుంది."

డాక్టరు పగలబడి నవ్వాడు.

"మామిడి కోతకి చెట్టెక్కగలనా సార్?" అన్నాను. జన్మకోసారి నిజంగా అడిగాను. దానికీ నవ్వాడు, దద్దమ్మ.