బుజ్జి కడుపు మీద పడని చురక

అత్తమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మొన్న నీ మనవరాలు బుజ్జికి చలిజ్వరం వచ్చింది. ఎడమ డొక్కలో బల్ల, అదే ఉబ్బిన ప్లీహం, గట్టిగా చేతికి తగిలితే, నీ కొడుకూ నేనూ కామారెడ్డి దవాఖానకు తీసుకెళ్లాం.

డాక్టరు క్వినైను ఇచ్చి అన్నాడు: "దోమ కుట్టినప్పుడు సన్నటి పురుగులు నెత్తురుల చేరుతయమ్మా. నెత్తురు కణాలల్ల పెరిగి, వాటిని పగలగొట్టుకొని అన్నీ ఒక్కసారే బయటపడతయి. అప్పుడే వణుకు. పగిలినవాటిని ఏరి ఏరి బల్ల ఉబ్బుతది."

మన ఊరు ఎల్లారెడ్డికి తిరిగొచ్చేసరికి నీ తోడికోడలు పెద్దత్త, బల్ల తగ్గాలని బుజ్జి కడుపు మీద చురక పెట్టడానికి కొడవలి పొయ్యిలో పెట్టింది. నేను కొత్త కోడలిగా జ్వరపడినప్పుడూ ఆమె అలాగే కొడవలి కాల్చింది. అప్పుడు నువ్వు నాకు అడ్డంగా కూర్చున్నావు.

పెద్దత్త ముందు నాకు నోరు పెగలదని నీకు తెలుసు. అయినా బుజ్జికీ పొయ్యికీ నడుమ కూర్చుని, ఆనాటి నీ మాటే అన్నాను.

"లోపలి రోగానికి పైన కాలిస్తే ఏమొస్తది? పిల్ల బెదురుడు తప్ప."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "అచ్చం మీ అత్త లెక్కనే తయారైనవు" అంటూ కొడవలిని నీళ్లలో ముంచి, గడ్డి కోయడానికి పోయింది.

బుజ్జి కడుపు మీద మచ్చ పడలేదు అత్తమ్మా, నీ వల్ల నా కడుపు మీద పడనట్టే.

నీ కోడలు