విక్టోరియా సంచికి పట్టిన నూనె

ఏలూరు,
నవంబరు 1934.

రంగూనులో ఉన్న నాన్నగారి పాదాలకు మీ కూతురు సువర్ణ నమస్కరించి రాసుకుంటున్న ఉత్తరం.

దేవుని దయవల్ల అమ్మా నేనూ ఆరోగ్యంగా ఉన్నాం. వానలు వెనకపట్టాయి. ఇల్లు ఎక్కడా కురవలేదు. మీరూ అక్కడ క్షేమంగా ఉన్నారనీ, మిల్లులో ఇంజిను దగ్గర ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటున్నారనీ నమ్ముతున్నాం.

మీరు అడిగినవాటికి ముందు జవాబు చెప్పేస్తాను. అమ్మ మోకాళ్ళు చాలా నయం. మేకకాళ్ళ చారు కాచుకుని తాగుతోంది, నూతిదాకా కర్ర లేకుండా వెళ్ళొస్తోంది. తాడేపల్లిగూడెంలో మన పాత ఇంటి గోడ పడిపోయిందని మీకెవరో చెప్పారట. పడలేదు. మేమిద్దరం రైల్లో వెళ్ళి చూసి వచ్చాం. బడికి ఇన్‌స్పెక్టరమ్మగారు వచ్చి, నా క్లాసు పిల్లల చదువు బాగుందని అందరి ముందూ అన్నారు. ఇక, ఇన్నాళ్ళూ ఉత్తరం ఎందుకు రాయలేదని అడిగారు. దానికి జవాబు కాస్త పెద్దది. భోజనం చేసి, తీరిగ్గా కూర్చుని చదవండి.

మన పక్కవాటాలో ఉండే విక్టోరియా మీకు తెలుసు కదా, ఆసుపత్రిలో నర్సు. నర్సులు ఊళ్ళమీదికి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళే తోలు చేతిసంచులు ఎప్పుడో ఇంగ్లండు సీమనుంచి వచ్చినవి. దళసరి తోలు, ఇత్తడి కొక్కేలు, చూడముచ్చటగా ఉండేవట. కొల్లేటి చెమ్మకీ మన ఎండలకీ బిగిసిపోయి చెక్కముక్కల్లా తయారయ్యాయి. మడత దగ్గర పగుళ్ళు. మూత మూసుకోదు. మొన్న వానల్లో విక్టోరియా ఒక లంకకి పురుడు పొయ్యడానికి వెళితే, సంచిలోకి నీళ్ళు దిగి దూదీ కట్లూ ముద్దయిపోయాయి. ఆ బాలింతకి జ్వరం వచ్చి, చావు తప్పి బయటపడింది. దాంతో డాక్టరమ్మగారు, కొత్త సంచులు వచ్చేదాకా నర్సులెవరూ కొల్లేట్లోకి వెళ్ళకూడదని చెప్పేశారు. కొత్తవి ఈ ఏడు వచ్చే ఆశ లేదు.

ఆ సాయంత్రం విక్టోరియా మన అరుగుమీద కూర్చుని ఏడ్చింది.

"లంకల్లో ఆడవాళ్ళు ఏమైపోతారు సువర్ణా? మేం వెళ్ళకపోతే ఇంకెవరెళ్తారు?"

నేను ఊరుకోలేకపోయాను. "ఆ సంచి ఇలా తీసుకురా, చూద్దాం" అన్నాను.

ఇది చదివి మీ కనుబొమలు ముడిపడి ఉంటాయి. కాస్త ఓపిక పట్టండి.

మొదట బజారులో దొరికే బూట్ల పాలిష్ రుద్దాను. పైన అద్దంలా మెరిసింది, లోపల చెక్క చెక్కలాగే ఉంది. ఆముదం పట్టిస్తే మెత్తబడింది గాని, జిడ్డు వదల్లేదు. వీధిలో దుమ్మంతా దానికే అంటుకుంది. ఎలుకలు వచ్చి ఒక అంచు కొరికేశాయి కూడా. కొబ్బరినూనె పెట్టిన కొత్తలో బాగుందని మురిసిపోయాను. ముసురు పట్టగానే ముక్కిపోయిన వాసన, దానిమీద తెల్లగా బూజు. ఆ తరవాత కొల్లేటి చేపనూనె. అది తోలుకి పట్టిందండీ, నిజంగానే పట్టింది! కానీ విక్టోరియా ఆ సంచి పట్టుకుని వీధిలోకి వెళితే పిల్లులు వెంటపడ్డాయి. ఒక ఇంట్లో ముసలమ్మ, "కూర తెచ్చావా తల్లీ, ఏం చేపలు?" అని అడిగిందట. ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం. తరవాత నవ్వు పోయి నీరసం వచ్చింది. ఇక నావల్ల కాదనుకున్నాను.

కానీ చివరికి సరైనది దొరికింది. అదేమిటో కాస్త కిందికి వెళ్ళాక రాస్తాను. ముందు దానివల్ల ఏం జరిగిందో వినండి.

విక్టోరియా సంచికి అది పట్టించి, మూత వంచితే గుడ్డలాగా వంగింది. పగుళ్ళు మూసుకున్నాయి. పైన పోసిన నీళ్ళు తామరాకుమీద బొట్లలా జారిపోయాయి. సరిగ్గా అప్పుడే గుడివాకలంకనుంచి పాపారావు అనే దోనె నడిపే ఆయన ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చాడు. కూతురు నాగరత్నానికి నొప్పులు మొదలై చాలాసేపయిందట, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసిందట. విక్టోరియా సంచి తీసుకెళ్ళి డాక్టరమ్మగారి ముందు పెట్టింది. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఈ ఒక్కసారికి వెళ్ళు" అన్నారు. ఆవేళ బడికి సెలవు. తోడుగా నేనూ దోనె ఎక్కాను.

కిక్కిస గడ్డి దుబ్బులు దాటి నడిమధ్యకి వచ్చేసరికి ఈదురుగాలి లేచింది. దోనె ఒక పక్కకి ఒరిగిపోయింది. నేను అంచు పట్టుకున్నాను, విక్టోరియా నన్ను పట్టుకుంది. మా ఇద్దరి మధ్యనుంచి సంచి జారి కొల్లేట్లో పడిపోయింది.

వంగి చెయ్యి చాపాను నాన్నగారూ, అందలేదు. ఆ సంచిలో కత్తెర ఉంది, దారం ఉంది, మందులున్నాయి. అవతల ఒక ఆడకూతురు ప్రాణం వాటికోసం ఎదురుచూస్తోంది.

అంతలో పాపారావు కేక వేశాడు. "అమ్మగోరూ, మునగలేదండి! అదుగో, తేలతందండి!"

దోనె తోసే గెడ చాపి సంచి పిడికి తగిలించి పైకి లాగాడు. లంకలో వాళ్ళ ఇంటికి చేరగానే విక్టోరియా కొక్కెం తీసి లోపల చెయ్యి పెట్టింది. దూది బయటికి తీసి బుగ్గకి ఆనించుకుంది.

"పొడిగా ఉంది సువర్ణా. చూడు, పొడిగా ఉంది!"

నేను గుమ్మంలో నిలబడి వేడినీళ్ళు అందించాను, అంతే. మిగతాదంతా విక్టోరియా చేతి చలవ. పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టి గట్టిగా ఏడ్చింది. తల్లీ పిల్లా క్షేమం. పాపారావు అరుగుమీద కూలబడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఆ నూనె సంగతి. ఇంతసేపూ దాటవేస్తూ వచ్చాను, ఇక దాచను.

అమ్మకి కాచిన మేకకాళ్ళ చారుమీద తేలిన నూనె తీసి ఒక గిన్నెలో పెట్టాను. తెల్లారి చూస్తే మామూలు కొవ్వులా గడ్డకట్టలేదు. లేతపసుపుగా, పల్చగా ఉంది. వేలికి రాసుకుంటే చర్మంలోకి ఇంకిపోయింది. సంచి మూతకి కొంచెం రాశాను. తోలు దాహంతో ఉన్నట్టు తాగేసింది. మేకకాళ్ళలో వచ్చేది చాలదని, కటికవాళ్ళ దగ్గర గేదెకాళ్ళు తెచ్చి, గిట్టలు ఊడదీసి, దొడ్డితలుపు గడియ వేసుకుని కాచాను. తోలులోకి నీళ్ళు దిగకుండా అందులో తేనెమైనం కరిగించి కలిపాను.

అవును నాన్నగారూ. మీ ఇంట్లో మళ్ళీ గేదెకాళ్ళు ఉడికాయి. మళ్ళీ తోలు వచ్చింది. నా చేతులతోనే చేశాను.

తాడేపల్లిగూడెంలో తాతగారి తోళ్ళు నానబెట్టి పదునుచేసే తొట్టెలు వదిలి మీరు మిల్లులో ఎందుకు చేరారో నాకు తెలుసు. మీరు గుడికి వెళితే పక్కవాళ్ళు జరిగి కూర్చునేవారని అమ్మ చెప్పింది. నా పిల్ల చేతులకి ఆ వాసన అంటకూడదని మీరు ఒట్టు పెట్టుకున్నారు. నన్ను చదివించడానికి సముద్రం దాటి వెళ్ళారు. అందుకే ఉత్తరం రాయడానికి కూర్చున్న ప్రతిసారీ కలం ఆగిపోయింది.

అమ్మకి వాసన తెలిసిన రోజున మొహం మాడిపోయింది. "ఇది మళ్ళీ మన గుమ్మంలోకి వచ్చిందేంటే?" అని లోపలికి వెళ్ళి పడుకుంది. కొన్నాళ్ళు నా పొయ్యి వైపే రాలేదు. ఒకనాడు నేను పొయ్యి దగ్గర అవస్థ పడుతుంటే వెనకనుంచి, "మంట తగ్గించు, పొంగిపోద్ది" అంది. పీట లాక్కుని నా పక్కన కూర్చుంది. "తోలు కొంచెం చెమ్మగా ఉన్నప్పుడే రాయాలే. నీడలో ఆరాలి. మీ తాత అలాగే చేసేవోడు" అంది. ఆ తరవాత ఆసుపత్రినుంచి వచ్చిన మిగతా సంచులన్నీ ఇద్దరం కలిసే చేశాం.

కిందటి వారం ఆసుపత్రి హాల్లో మీటింగు. సంచులు బాగుచేశామని అమ్మనీ నన్నూ కూడా రమ్మన్నారు. డాక్టరమ్మగారు సంచులన్నీ బల్లమీద వరసగా పెట్టించి, లంకల ప్రయాణాలు మళ్ళీ మొదలని ప్రకటించారు. నర్సులందరూ చప్పట్లు కొట్టారు. ప్లీడరు అనంతపద్మనాభం గారి భార్య శాంతకుమారి గారు కూడా ఆసుపత్రి కమిటీ తరఫున వచ్చారు. ఆవిడ ఒక సంచి చేతిలోకి తీసుకుని, "ఎంత మెత్తగా ఉందండీ! ఏ మద్రాసు కంపెనీ నూనె ఇది?" అని అడిగారు.

మద్రాసుదని చెప్పెయ్యడం ఎంత తేలికో అప్పుడు నాకు తెలిసింది. హాలంతా నావైపే చూస్తోంది. అయినా లేచి నిలబడ్డాను.

"కంపెనీది కాదండీ. గేదెకాళ్ళు కాచి మా ఇంట్లో మేమే చేశాం. మా తాత వీరాస్వామి గారు తాడేపల్లిగూడెంలో పచ్చితోళ్ళు ఊని పదునుచేసేవారండీ."

నా గొంతు ఆ హాల్లో అంత గట్టిగా వినిపిస్తుందని నేనే అనుకోలేదు. ఎవరూ జరగలేదు నాన్నగారూ. శాంతకుమారి గారు తన చేతిసంచి ఖాళీ చేసి నా ముందు పెట్టారు. అంచులు పగిలి, రంగు పోయి ఉంది.

"ఇది మా అమ్మగారిదండీ. పారెయ్యలేక, వాడలేక దాచుకున్నాను. దీన్ని బాగుచెయ్యగలరా అండీ?"

నన్ను 'మీరు' అన్నారు. నేను వెంట తెచ్చిన నూనె డబ్బా మూత తీసి, అందరూ చూస్తుండగా అక్కడే మూలకి కొంచెం రాసి చూపించాను. తోలులోంచి పాత ఎర్రరంగు పైకి వచ్చింది. ఆవిడ కళ్ళు నీళ్ళతో నిండాయి. గుమ్మం దగ్గర నిలబడిన అమ్మ కొంగు బిగించి, "ఇంటికి తీసుకెళ్ళి నిదానంగా చేస్తామండీ, తొందరపడితే తోలు మాట వినదు" అని హాలంతటికీ వినపడేలా చెప్పింది. మన అమ్మేనా అని నేనే తిరిగి చూశాను.

ఇప్పుడు భీమడోలునుంచీ అత్తిలినుంచీ కూడా సంచులు వస్తున్నాయి. బడి మానను, భయపడకండి. సాయంత్రాలూ శనివారాలూ చాలు.

మీరు కోప్పడితే పడతాను. కానీ చేసినందుకు క్షమించమని అడగను, ఎందుకంటే నాకు విచారంగా లేదు. మీ కూతుర్ని కాబట్టే చెయ్యగలిగానని గర్వంగా ఉంది.

ఈ ఉత్తరం చదివి వినిపిస్తే అమ్మ ఒక మాట రాయమంటోంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "నూనె కాయడానికి పెద్ద అండా తెచ్చాం. నిండితే మేమిద్దరం ఎత్తలేకపోతన్నాం. ఆళ్ళ మిల్లు ఇంజిను ఇంకెవరైనా నడుపుకుంటారు గాని, నువ్వు ఓడెక్కి ఇంటికొచ్చెయ్యి."

ఇట్లు,
మీ ఆశీస్సులు కోరే కూతురు,
సువర్ణ