రేపల్లె స్టేషన్ దగ్గర నీ ఫ్లెక్సీ

ప్రియమైన సువార్తక్కకు,

రేపల్లె నుంచి నీ తమ్ముడు తోమాసు వందనాలు. దేవుని దయవల్ల అందరం ప్రాణాలతో ఉన్నాం. బాగున్నామని రాస్తే నువ్వు నమ్మవు, అందుకే రాయడం లేదు.

నీ ఉత్తరం అందింది. అక్కడ పరాయి దేశంలో మంత్రి పదవికి రాజీనామా ఇచ్చి కూర్చుని కూడా, ముందు బాపట్లలో అమ్మ సమాధికి సున్నం వేయించావా అని అడిగావు. వేయించాను. వానలకు సగం పోయింది. మొన్న తెనాలి వెళ్తే నీ పాత సీనియర్ లాయరు జనార్దనరావుగారు కనిపించారు.

"మీ అక్క వాదిస్తుంటే జడ్జిగారు కూడా పెన్ను కింద పెట్టి వినేవారయ్యా. అలాంటి మనిషిని ఎవరు ముంచారు?" అన్నారు.

"ఏమోనండి" అన్నాను.

మా అమ్మాయి లిడియా ఎలా ఉందన్నావు. అది నాతో మాట్లాడటం మానేసింది. ఎందుకో చెప్పాలంటే నీ మూడో ప్రశ్నకు రావాలి. స్టేషన్ దగ్గర ఆ ఫ్లెక్సీ ఎవరు కట్టించారని ఫోన్లో అడిగితే తెలియదన్నాను. కాగితం మీద రాయమన్నావు, లాయరువి కదా. మీ పార్లమెంటు కమిటీలో ప్రశ్నలేస్తుంటే టీవీలో చూశాను, ఎంత పెద్దవాళ్ల చేతనైనా అరగంటలో నిజం చెప్పించేదానివి. నా దగ్గర నీకు ఏడాది పట్టింది.

నేనే కట్టించాను అక్కా.

నువ్వు మంత్రివైన రోజు ఊరంతా తెలియాలనిపించింది. నీ ఫొటో పెద్దగా, అభినందించేవాళ్ల ఫొటోలు కింద చిన్నగా. మన దగ్గర పద్ధతి నీకు తెలుసుగా. వీసాల ఏజెంటు మధుబాబు తన ఫొటో నా పక్కన వేయమన్నాడు. లిడియాకు మీ దేశంలో నర్సు ఉద్యోగం చూస్తానన్నాడు. వేయించాను. ఆ ఫ్లెక్సీ చూపించి, మంత్రిగారు మా మనిషేనంటూ భట్టిప్రోలు నుంచి వాడరేవు దాకా జనాన్ని నమ్మించి వీసాలకని డబ్బు గుంజాడు. వాడు పారిపోయాక ఆ ఫ్లెక్సీ ఫొటోనే మీ పేపర్లలో పడింది.

అక్కడితో ఆగినా నీకు ముఖం చూపించగలిగేవాణ్ణి. మీ విచారణవాళ్లు నాకు మెయిలు పెట్టారు, ఈ సంగతి మీ అక్కకు తెలుసా అని. తెలుసు, ఫ్లెక్సీకి ఫొటో తనే పంపింది అని రాసి సంతకం పెట్టాను. లిడియా పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు మధుబాబు మనుషుల దగ్గర ఉన్నాయి. తప్పు నీ మీదికి పోయేలా అలా రాస్తే ఇస్తామన్నారు. ఇవ్వలేదు. ఆ కాగితం లిడియా చూసింది.

తెనాలి కోర్టు నుంచి ఆ పార్లమెంటు దాకా ముప్పై ఏళ్లు ఒక్కో మెట్టూ ఎక్కావు. నేను ఒక్క సంతకంతో దించేశాను. పోయినవారం నిజం రాసి వాళ్లకు పంపాను. విచారణ ముగిసింది, ఫైలు మూసేశామని జవాబొచ్చింది. అది కూడా ఈ కవరులో పెడుతున్నాను. నీకు ఎందుకూ పనికిరాదని తెలుసు.

ఫ్లెక్సీ ఏం చేశానో నువ్వు అడగలేదు. చింపబుద్ధి కాలేదు. వంటపాక కారుతోందని మీ మరదలు దాన్నే పైన కప్పించింది, బొమ్మ లోపలివైపుకు. వానొస్తే అందరం దాని కిందే కూర్చుని అన్నం తింటాం. లిడియా తలెత్తి నిన్ను చూస్తుంది. నన్ను చూడదు. నువ్వు మాత్రం నవ్వుతూనే ఉంటావు అక్కా.

ఇట్లు,
నీ ఫొటో కింద చిన్న ఫొటోలో ఉన్న తమ్ముడు,
తోమాసు