బాల్ ఎవరిచ్చిన్రు?

పద్మక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన మహబూబ్‌నగర్ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టులో ఇన్నేళ్లలో ఎవరు మేటో తేల్చాలని నీ కూతురు శ్రావణి పాత స్కోరు షీట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది. పాయింట్ల లెక్కలో నేను మొదట వచ్చాను. నువ్వెక్కడో అడుగున ఉన్నావు. నాకు నమ్మబుద్ధి కాలేదు.

"బాల్ ఎవరిచ్చిన్రో రాసిన్రా బిడ్డా?" అని అడిగాను.

"లేదు చిన్నమ్మా, బాస్కెట్ ఏసినోళ్ల పేర్లే ఉన్నయి."

ఇద్దరం కూర్చుని మన పాత జట్టువాళ్లకు ఫోన్లు చేశాం. బాల్ ఎవరిచ్చేవారని అడిగితే అందరూ నీ పేరే చెప్పారు.

శ్రావణి నీ పేరును పైకి జరిపి, నావైపు తిరిగింది.

"గిన్ని పాస్‌లిచ్చిన అమ్మ, తనెందుకు ఏయకపోయేది?"

ఏమో, అక్కా. అన్నేళ్లు నీ పక్కనే ఆడాను. ఆ మాట నిన్నెప్పుడూ అడగలేదు.

నీ
సరిత