సహస్ర జ్వరం

2024 జూలై 5, శుక్రవారం. సాయంత్రం 4

బొగ్గు గనిలో ఫస్టు షిఫ్టు అయిపోయి వస్తుంటే గోదావరిఖని కూరగాయల మార్కెట్లో సువార్త వదిన ఎదురైంది. ఆమె భర్త, నాతో పనిచేసిన సామ్యేలన్న చనిపోయిన ఈ పది నెలలూ ఆమె కంట పడకుండా తిరిగాను. ఇవాళ తప్పించుకోలేకపోయాను.

ఆమె మొదటి మాటే, బిడ్డెకు జర నయమైందా వీరేందరూ అని. నయమైంది వదినా అనేశాను. వదిన సంచి కింద పెట్టి, నడి బజార్లో రెండు చేతులూ ఎత్తి స్తోత్రం చెప్పింది.

పది నెలలుగా ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మా సహస్ర పేరు చదువుతున్నారట. ప్రార్థన మనవుల పుస్తకంలో పేరు ఎక్కితే, ఇంటివాళ్లు వచ్చి నయమైందని సాక్ష్యం చెప్పేదాకా కొట్టెయ్యరట. నువ్వు రాకపోతివి, మేము ఆపకపోతిమి అంది. ఆదివారం చర్చికొచ్చి ఒక్క మాట చెప్పిపో అంది.

మా సహస్రకు జ్వరమే రాలేదు.

జూలై 6

రాసేస్తాను. ఇది ఎవరూ చదవరు.

పోయిన సెప్టెంబరులో నాకు నైట్ షిఫ్టు పడింది. అదే రోజు పక్క ఊళ్లో నా బావమరిది సదానందం కొత్త ఇంటి దావత్. సామ్యేలన్నను షిఫ్టు మార్చుకోమని అడిగాను. దావత్ అంటే తిడతాడని, బిడ్డకు జ్వరమని చెప్పాను. అన్న రెండో ప్రశ్న వెయ్యలేదు. నా బదులు డ్యూటీకి పోయాడు. పొద్దున్నే ఇంటికి వస్తుంటే వానకు బండి జారింది. తల డివైడరుకు తగిలింది. ఆ టైముకు నేను పీకలదాకా మటన్ తిని పడుకుని ఉన్నాను.

డ్యూటీకి పోయేముందు అన్న వదినకు చెప్పాడట, పాపం వీరేందర్ బిడ్డెకు జరమట, ప్రార్థన పుస్తకంల రాయి అని. ఆ ఇంట్లో ఆయన ఆఖరి మాట నా అబద్ధమే.

జూలై 7, ఆదివారం

పోయాను. రేకుల షెడ్డు, కింద చాపలు. ఒక పక్క మగవాళ్లు, ఇంకో పక్క ఆడవాళ్లు. పది నిమిషాలు కూర్చుని వచ్చేద్దామనుకున్నాను. పాస్టర్ రాజ్‌కుమార్ నా రెండు చేతులూ పట్టుకుని వందనాలన్నా అన్నాడు. సామ్యేలన్న దోస్తు అని అందరికీ చెప్పాడు.

సాక్ష్యాల సమయంలో వదిన అటువైపు నుంచి లే లే అని సైగ చేసింది. కూర్చునే ఉన్నాను. బిడ్డను తీసుకుని వచ్చే వారం వస్తానని చెప్పాను.

ఆరాధన తర్వాత అన్నం పెట్టారు. పప్పు, వంకాయ కూర. గోలేటి నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చి రెండేళ్లయింది. ఈ ఊళ్లో నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టింది అన్న ఒక్కడే. సిగ్గు సిగ్గే, ఆకలి ఆకలే. రెండుసార్లు పెట్టించుకున్నాను.

జూలై 10

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నాది మరీ అతికింది, ఊడి రావడం లేదు.

జూలై 14, ఆదివారం

నా భార్య రమను, సహస్రను చర్చికి తీసుకుపోయాను. బొట్టు తియ్యమంటే అక్కడ్నే లేచొస్త అని రమ ముందే షరతు పెట్టింది. ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు. సారవ్వ అనే ముసలామె సహస్ర నుదురు మీద, మెడ మీద చెయ్యి పెట్టి చూసి ఏడ్చేసింది. ఇన్ని దినాలు పేరే ఎరుక బిడ్డా, మొకం ఇయ్యాల చూస్తున్న అంది. గ్లోరియా టీచర్ దాన్ని సండే స్కూలు పిల్లల్లో కూర్చోబెట్టింది.

నన్ను పిలిచారు. లేచి, బిడ్డకు బాగుంది అన్నాను. అంతే. అందరూ హల్లెలూయ అన్నారు. వదిన పుస్తకం తెరిచి సహస్ర పేరు కొట్టేసింది. కళ్లు తుడుచుకుంటూ కొట్టేసింది.

ఇంటికొచ్చాక రమ అడిగింది, దానికి జరం ఎప్పుడొచ్చిందని. దావత్ సంగతి తనకు తెలుసు. అన్నకు ఏం చెప్పానో తెలియదు. మొత్తం చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. గా ముసలమ్మ చెయ్యి పెట్టి చూస్తుంటె ఏమనిపించలేదా నీకు అంది.

గోలేటి వదిలాక రమ నలుగురిలో కూర్చుని నవ్వడం ఇవాళే చూశాను. చెప్తే ఆ చాప మీద మాకు చోటు పోతుంది. చెప్పకపోతే నేనే కూర్చోలేను.

జూలై 21, ఆదివారం

పోలేదు. డ్యూటీ ఉందని ఫోన్‌లో చెప్పాను. డ్యూటీ లేదు. ఇంకో అబద్ధం.

జూలై 22. సాయంత్రం

సారవ్వ, గ్లోరియా టీచర్ షేర్ ఆటోలో మా క్వార్టర్ వెతుక్కుంటూ వచ్చారు. నిన్న కనబడకపోతిరి, మళ్ల పిల్లకేమన్న అయిందా అని ఫికర్ పడ్డరట. బ్రెడ్ తెచ్చారు. వాళ్లు పోయాక ఆ బ్రెడ్ ఎవరం తినలేదు.

జూలై 23

చెప్పాను.

వదిన గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. నేను నిలబడే చెప్పాను. చెయ్యి ఆగింది. తర్వాత దావత్‌లో ఏం వండిండ్రు అని అడిగింది. మటన్ అన్నాను. ఎన్నింటికి పండుకున్నవు అంది. పదకొండు అయింది వదినా అన్నాను.

ఆ దినం ఇంట్ల కూర లేకుండె, ఆయన ఉత్త పచ్చడేసుకుని తిని పోయిండు అంది.

కాళ్ల మీద పడబోయాను. వద్దంది. ఇగ పో అంది.

వచ్చేశాను. దారిలో ఏడుపు ఆగలేదు.

జూలై 26, శుక్రవారం

ఇవాళ ఉపవాస ప్రార్థన రోజు. నేనూ తినలేదు. ఎందుకో రాయలేను.

జూలై 28, ఆదివారం

ఏ మొకం పెట్టుకుని పోదామని రమతో అన్నాను. ఉన్న మొకంతోనే అంటూ పిల్లకు జడ వేసింది. ఆఖరి వరసలో కూర్చున్నాను.

మనవులు చెప్పేటప్పుడు వదిన లేచింది. ఒక మనిషి మొకం చూడబుద్ధి అయితలేదు నాకు, నాకోసం ప్రార్థన చెయ్యుండ్రి అంది. పేరు చెప్పలేదు. పాస్టర్ చుట్టూ చూసి, వీరేందరన్నా నువ్వు చెయ్యి అన్నాడు. ఆయనకేం తెలియదు.

పైకి ప్రార్థన ఎప్పుడూ చెయ్యలేదు. లేచాను. వదినకు ఆ ముఖం చూసే బలం ఇవ్వమన్నాను. ఇవ్వకపోయినా ఆమె తప్పు లేదన్నాను.

అందరూ ఆమెన్ అన్నారు. వదిన గొంతు అందరి తర్వాత వచ్చింది.